పెదాలకు సరిపడే మాట

జూబ్లీహిల్స్‌లో కూర్చుని పేదరికం మీద పరిశోధన చేయాలంటే ముందుగా కారు పెట్టుకోవడానికి చోటు దొరకాలి. ఆ ఒక్క విషయంలో డాక్టర్ మెర్లిన్ అదృష్టవంతురాలనే చెప్పాలి. ఆవిడ పనిచేసే ప్రజాపాలన అధ్యయన సంస్థ ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డు మీద, ఎవరో సినిమా నిర్మాత ఖాళీగా వదిలేసిన స్థలం పక్కన ఉంది. కింద సెల్లార్లో పార్కింగు, పై అంతస్తులో కాఫీ మెషిను, మధ్యలో సామాజిక సమానత్వ విభాగం. ఆ విభాగం గాజుతలుపు మెడలో కార్డు ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది.

మెర్లిన్ చదివింది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. సర్కారు చేసే పనులు ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందట్లేదు, ఎందుకు అందట్లేదు అన్నది ఆవిడ పరిశోధన. ఏలూరు నుంచి వచ్చి వెంగళరావు నగర్‌లో స్థిరపడిన కుటుంబం. కూతురు ప్రొఫెసర్ అయిన ఆదివారం చర్చిలో నిలబడి ఏమని సాక్ష్యం చెప్పాలో తల్లి తెరెసమ్మ ఎప్పుడో తయారుచేసి పెట్టుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సాక్ష్యం పొడుగవుతోంది గానీ కూతురు మాత్రం అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గరే నిలబడిపోయింది. ఆవిడ దగ్గర పాఠాలు నేర్చుకున్నవాళ్లు ప్రొఫెసర్లయి, సెమినార్లలో ఆవిడకి టైమైపోయిందని గంట కొడుతున్నారు. ఆ గంట మోగినప్పుడల్లా మెర్లిన్‌కి ఒళ్లు మండిపోయేది.

న్యాయంగా చెప్పుకోవాలంటే మెర్లిన్ దొంగ పరిశోధకురాలేం కాదు. మొదట్లో కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషే. ఆవిడ పట్టుకున్న విషయం కూడా మంచిది. ఈ కొండ మీద ఇళ్లలో పనిచేయడానికి కింది బస్తీల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే వస్తారు, చీకటిపడ్డాక దిగిపోతారు. ఒక్కో ఇంట్లో సినిమా హాలంత బాత్‌రూములుంటాయి. వాటిని ఈ ఆడవాళ్లే కడుగుతారు, కడిగి బయటికొచ్చేస్తారు. వాటిని వాడొద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెద్దింటివాళ్లు అంత మొరటుగా ఉండరు. చూపుతోనే చెబుతారు. మరి రోజంతా ఆ ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు? ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి మెర్లిన్. జవాబు చెప్పిన మొదటి మనిషి బుచ్చమ్మ.

బుచ్చమ్మ ఆ రోడ్డు మీదే మూడిళ్లలో పనిచేస్తుంది. మెర్లిన్ టేప్ రికార్డర్ పెట్టి అడిగితే, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి చెప్పింది. "నీళ్లు తాగితే గద మేడం ఫికరు. పొద్దుగాల ఇంత చాయ్ తాగి కొండెక్కుత. మల్ల పొద్దుగూకి ఇంటికి పోయినంకనే నీళ్లు."

ఆ మాటతో మెర్లిన్ వ్యాసానికి ప్రాణం వచ్చింది. ఆ మాట ఢిల్లీ వెళ్లింది, జెనీవా వెళ్లింది, తెర మీద పెద్ద అక్షరాల్లో పడింది, తెల్లవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. బుచ్చమ్మ మాత్రం ఎండాకాలం కూడా గొంతు తడుపుకోకుండా కొండెక్కి దిగుతూనే ఉంది. పొత్తికడుపులో మంట వచ్చినప్పుడు మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర వేసుకునేది. ఆ మంట గురించి కూడా మెర్లిన్ ఒక వ్యాసం రాసింది.

ఇంతలో సంస్థకి కొత్త నిబంధన వచ్చింది. ప్రొఫెసర్ కావాలంటే వ్యాసాలు చాలవు, వాటివల్ల లోకంలో ఏదైనా మారి ఉండాలి. సంస్థ డైరెక్టర్ చలపతిరావుగారు మెర్లిన్‌ని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన రిటైరైన పెద్ద అధికారి. సర్వీసులో ఉన్నంతకాలం ఏ ఫైలు మీదా సొంత అభిప్రాయం రాయకుండా నెగ్గుకొచ్చిన ఘనుడు.

"చూడమ్మా, నీ పరిశోధన వల్ల ఏదో ఒకటి మారిందని కమిటీకి చూపించాలి. మారాలని ఎవరూ అనట్లేదు, చూపించాలి అంటున్నారు. అర్థమైంది కదా," అన్నారు.

మెర్లిన్‌కి అర్థమైంది. ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి, ఆ రోడ్డు మీద ఆడవాళ్ల కోసం ఒక పబ్లిక్ టాయిలెట్ మంజూరు చేయించింది. అది చిన్న విషయం కాదు, ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. దాన్ని ఎక్కడ కట్టాలి? రోడ్డు మీద ఉన్న ప్రతి ఇంటివాళ్లూ చాలా గొప్ప ఆలోచన అన్నారు, ఎదుటివాళ్ల గోడ పక్కన కట్టమన్నారు. ఒక హీరోగారి ఇంటి నుంచి వాస్తు సిద్ధాంతి దిక్సూచితో సహా దిగి, ఇక్కడ కడితే సారు సినిమా రిలీజవదని తేల్చాడు. ఎదురింటి నిర్మాత అయితే ఆడవాళ్ల గౌరవం గురించి కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడి, చివర్లో మా వీధి కొసన మాత్రం వద్దన్నాడు. వాళ్లందర్నీ కూర్చోబెట్టి మెర్లిన్ సంప్రదింపుల సమావేశాలు జరిపింది. వాటి మీద కూడా వ్యాసం వస్తుందని ఒక పక్క ఆశ.

అలా జరిగి జరిగి, సంస్థ పక్కనున్న ఖాళీ స్థలం ముందు చోటు ఖాయమయ్యేసరికి ప్రారంభోత్సవం తేదీ నెత్తి మీదకొచ్చింది. ముఖ్య అతిథి మామూలు మనిషి కాదు. ప్రభుత్వ సలహాదారు, పైగా మెర్లిన్ ప్రొఫెసర్ పదవికి హాజరవ్వాల్సిన ఇంటర్వ్యూ కమిటీకి అధ్యక్షుడు. ఆయన తేదీ ఇవ్వడమే పుణ్యం, మార్చమని అడిగే ధైర్యం ఎవరికుంది? కాంట్రాక్టరేమో పునాది కూడా తవ్వలేదు. ఫోనెత్తితే మేస్త్రీలు ఊళ్లకెళ్లారంటాడు.

అప్పుడు చలపతిరావుగారికి ఒక ఉపాయం తోచింది. ఫిల్మ్‌నగర్ పక్కన కాపురముండి ఆ ఉపాయం తట్టకపోతేనే ఆశ్చర్యం. ఆయనతో పొద్దున్నే కేబీఆర్ పార్కులో నడిచే కమలాకర్ అని ఒక ఆర్ట్ డైరెక్టర్ ఉన్నాడు. సినిమాలకి సెట్లు వేస్తాడు. కోర్టు కావాలంటే కోర్టు, జైలు కావాలంటే జైలు. టాయిలెట్ ఒక లెక్కా?

"సెట్టా సార్?" అంది మెర్లిన్.

ఒక్కరోజుకేనమ్మా, అసలుది వెనకాలే వస్తుంది, మంజూరు కాగితం అబద్ధం కాదు కదా, అని ఆయన నచ్చజెప్పారు. మెర్లిన్ ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పాలని నాకూ ఉంది. నిద్రపోయింది. పొద్దున్నే లేచి సెట్టుకి ఏ రంగు వేస్తే ఆడవాళ్లకి భద్రతాభావం కలుగుతుందో కమలాకర్‌కి ఫోన్ చేసి చెప్పింది.

సెట్టు మాత్రం దివ్యంగా కుదిరింది. ముందువైపు లేత నీలం గోడ, టైల్స్ అతికించినట్టు రంగు, స్టీలు గొళ్లెం, వీల్‌చైర్ వెళ్లడానికి వాలు, బయట చేతులు కడుక్కునే సింకు. సింకుకి నీళ్లు లేవు గానీ అద్దం ఉంది. అద్దంలో కొండ మీది ఇళ్లన్నీ ముచ్చటగా కనబడుతున్నాయి. తలుపు తీస్తే లోపల ఏముంటుంది? ప్లైవుడ్ వెనక్కి పడిపోకుండా కట్టిన సర్వీ కర్రలు, పిచ్చిమొక్కలున్న ఖాళీ స్థలం, దాని అవతల మెట్ట మీద గాజు బాల్కనీలున్న కాఫీ షాపు. ఆ తలుపు తీయాల్సిన పని ఎవరికీ లేదు. రిబ్బను బయటే కదా కత్తిరిస్తారు.

ఇక వేదిక మీద ఒక సన్నివేశం కావాలన్నారు. అది మెర్లిన్ బుర్రలోంచే పుట్టింది. నీళ్లు తాగకుండా బతికిన బుచ్చమ్మ అందరి ముందూ నీళ్లు తాగుతుంది. ఇంక భయం లేదని లోకానికి తెలుస్తుంది. చలపతిరావుగారు కుర్చీలోంచి లేచి మరీ మెచ్చుకున్నారు. బుచ్చమ్మకి ఆ సంగతి చెబితే ఆవిడ ముఖం విప్పారింది. నిజంగనే తాగొచ్చా మేడం, ఆడికి పోవచ్చా, అని రెండు చేతులూ పట్టుకుంది. మెర్లిన్ తాగమంది. వెళ్లొచ్చా అన్నదానికి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఎందుకు నవ్వావని ఆవిడని నిలబెట్టి అడిగేవాళ్లు ఆ సంస్థలో ఎవరూ లేరు.

ప్రారంభోత్సవం రోజున షామియానా వేశారు, శాలువాలు తెచ్చారు, టీవీ యాంకరమ్మ ప్రణతిని పిలిచారు. రోడ్డు మీది పెద్దలంతా వచ్చారు, ఎందుకంటే టాయిలెట్ వాళ్ల గోడ పక్కన రాలేదు. బుచ్చమ్మ కొత్త చీర కట్టుకుని వేదికెక్కి గ్లాసుడు నీళ్లు తాగింది. గ్లాసు కెమెరాలో ఆనట్లేదని కెమెరామన్ లీటర్ సీసా ఇప్పించాడు. సగంలో ఎండ మారిందని ఇంకోసారి తాగించాడు. ముఖ్య అతిథి అప్పుడే ఫోన్లో మాట్లాడుతూ పక్కకి తిరిగారట, ఆయన ఫ్రేములో లేకపోతే ఎలా, మూడోసారి తాగించాడు. బుచ్చమ్మ ఎత్తిన సీసా దించకుండా తాగింది. నీళ్లు తాగితే చప్పట్లు కొట్టే లోకంలో ఆవిడ ఎప్పుడూ ఉండలేదు పాపం.

రిబ్బను తెగింది. ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. సమానత్వం అనే మాట సంస్కృతంలో ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి బయలుదేరారు. బుచ్చమ్మ మెర్లిన్ దగ్గరికొచ్చి ఆగుతలేదు మేడం అని చెవిలో చెప్పింది. ఇంకొంచెంసేపు ఓర్చుకో, సార్ మాట్లాడుతున్నారు అంది మెర్లిన్. సంస్థలో అంతస్తుకో టాయిలెట్ ఉంది, కార్డు ఆవిడ మెడలోనే వేలాడుతోంది. ఆ ఆలోచన ఆవిడకి రాలేదు. ఒకవేళ వచ్చి ఉంటే ఇంకా అన్యాయం.

బుచ్చమ్మ కాసేపు చీర కుచ్చిళ్లు పిడికిట్లో నలిపింది. తర్వాత ఎవరితోనూ చెప్పకుండా, అందరూ చూస్తుండగా, తన కోసం కట్టిన దాని తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఈ కార్యక్రమానికి ఎంతమంది పనిచేశారో! పూలదండల గురించి ఆలోచించారు, ఎండ గురించి ఆలోచించారు, జీడిపప్పు ఎవరి ముందు ఎంత పెట్టాలో కూడా ఆలోచించారు. ఆ టాయిలెట్‌ని ఎవరైనా వాడతారేమోనని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

మెర్లిన్ వెనకాలే తలుపు తోసుకుని వెళ్లింది. సర్వీ కర్రల మధ్య బుచ్చమ్మ గుడ్లప్పగించి నిలబడి ఉంది. ఎదురుగా కాఫీ షాపు బాల్కనీలో కుర్రకారు కూర్చుని ఇటే చూస్తున్నారు.

"ఇదేంది మేడం," అంది బుచ్చమ్మ. కోపం కాదది, నిజంగా అడిగింది. బుచ్చమ్మ జవాబు కోసం ఆగే స్థితిలో లేదు. "జర చాటు పట్టు. ఇంక నాతోని గాదు."

పక్కన మిగిలిపోయిన ఫ్లెక్సీ ఒకటి చుట్టి పడేసి ఉంది. మెర్లిన్ దాన్ని విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. దాని మీద ఆవిడ ఫొటోనే ఉంది, నవ్వుతూ. ఆ చాటున బుచ్చమ్మ మొక్కల్లో కూలబడింది. అన్నేళ్ల పరిశోధనలో మెర్లిన్ ఎవరికైనా నేరుగా ఉపయోగపడింది అప్పుడే. ఆవిడకీ అలాగే అనిపించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా ఫ్లెక్సీ దించలేదు. అలా ఓ క్షణం నిజంగా మంచి మనిషిగా నిలబడింది.

అప్పుడే మైకులో ఆవిడ పేరు వినిపించింది. ఈ మహత్కార్యానికి కారకురాలైన డాక్టర్ మెర్లిన్‌గారిని వేదిక మీదికి రావలసిందిగా ముఖ్య అతిథిగారు కోరుతున్నారు. ప్రణతి మళ్లీ పిలిచింది. ఎక్కడున్నారు మెర్లిన్‌గారు అని ముఖ్య అతిథి స్వయంగా అడగడం కూడా వినిపించింది. ఆ గొంతులో కొంచెం విసుగుంది. ఆ విసుగు ఇంటర్వ్యూ దాకా వస్తే? మెర్లిన్ కళ్ల ముందు తల్లి మెదిలింది, సెమినార్లో గంట కొట్టే కుర్రవాడు మెదిలాడు.

"ఒక్క నిమిషం, ఇది నువ్వే పట్టుకో బుచ్చమ్మా," అంది. ఫ్లెక్సీ ఒక కొస బుచ్చమ్మ చేతిలో పెట్టి, చీర సర్దుకుని తలుపులోంచి బయటికొచ్చింది.

శాలువా కప్పారు. కెమెరాలు మెరిశాయి. ముఖ్య అతిథి సంతోషంగా, ఇందాక నీళ్లు తాగిన అమ్మ ఏదీ అన్నారు. మెర్లిన్ మైకు అందుకుని, లోపలున్నారు సార్, సదుపాయాన్ని వినియోగించుకుంటున్నారు అని చెప్పింది. షామియానా దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. అదే సమయానికి తలుపు తెరుచుకుని బుచ్చమ్మ బయటికొచ్చింది. చీర ఒక పక్క తడిసి ఉంది. ప్రణతి ఉరుక్కుంటూ వెళ్లి మైకు ఆవిడ నోటి ముందు పెట్టింది. ఎలా ఉందమ్మా అని ముఖ్య అతిథి వేదిక మీంచే అడిగారు.

బుచ్చమ్మ అబద్ధం నేర్చుకోలేదు, దానికి ఆవిడకి తీరికేదీ! "ఇంకా కాలె సారు," అంది. "మేడం చాటు పట్టుకున్నది, పేరు పిలవంగనే ఇడిసి వచ్చింది."

వేదిక మీద జవాబు వినే ఆనవాయితీ లేకపోవడం మెర్లిన్ అదృష్టం. ముఖ్య అతిథి అప్పటికే కెమెరా వైపు తిరిగి నమస్కారం పెడుతున్నారు. కమలాకర్ సైగ చేశాడు, స్పీకర్లలో నాదస్వరం మొదలైంది. బుచ్చమ్మ మాట విన్నవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు, వాళ్లలో ఎవరికీ వినాల్సిన అవసరం లేదు. ఆవిడ పొత్తికడుపు పట్టుకుని, ఒంగి, రోడ్డు వాలున కిందికి వెళ్లిపోయింది. మెర్లిన్ భుజాల మీద శాలువాతో అటే చూసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆపైన భోజనాలు.

సెట్టు ఆ సాయంత్రమే విప్పి లారీలో వేసుకుపోయారు. కమలాకర్‌కి దాంతో వేరే సినిమాలో పనుందట. బుచ్చమ్మ తర్వాత పనిలోకి రాలేదు. మెర్లిన్ ఆగలేక ఫోన్ చేసింది. జ్వరం, మంట, సర్కారు దవాఖానాకు పోయొచ్చిన అని చెప్పింది బుచ్చమ్మ, నీరసంగా. అక్కడ ఏమన్నారని అడిగితే, "నీళ్లు బాగ తాగమన్నడు డాక్టరు," అంది. మెర్లిన్ క్షమించమని అడుగుదామనుకుంది, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేసింది.

ఇంటర్వ్యూకి ముందురోజు చలపతిరావుగారు కబురంపారు. ప్రారంభోత్సవం వీడియో కమిటీ ముందు వేస్తారు. బుచ్చమ్మ మాట ఉన్న ముక్క కత్తిరిద్దామంటే కుదరదు, తాను ఎలా ఉందమ్మా అని అడిగినది ఉండి తీరాలని ముఖ్య అతిథే చెప్పారు. ప్రశ్న ఉన్నాక జవాబు లేకపోతే బాగుండదు. కాబట్టి డబ్బింగ్ చెప్పిద్దామన్నారు చలపతిరావుగారు. ఇందులో ఇబ్బంది పడాల్సిందేమీ లేదట, ఈ చుట్టుపక్కల తెర మీద కనబడేవాళ్లెవరూ సొంత గొంతుతో మాట్లాడరు కదా అన్నారు. ఆ ఆడవాళ్ల యాస తెలిసినదానివి నువ్వే, నువ్వు పక్కనుండు అని మెర్లిన్‌ని పంపారు.

ఫిల్మ్‌నగర్‌లో ఆ డబ్బింగ్ థియేటర్ ఒక సందులో ఉంది. లోపల చీకటి, చల్లదనం. హీరోయిన్లకి గొంతిచ్చే లాస్య అనే అమ్మాయి మైకు ముందు నిలబడింది. కమలాకర్ రాయించి తెచ్చిన మాట 'చాలా బాగుందండీ, అందరికీ ధన్యవాదాలు' అని. లాస్య రెండుసార్లు చెప్పి తల అడ్డంగా ఊపింది. పెదాలు కలవట్లేదు మేడమ్, ఇక్కడ ఆవిడ పెదాలు రెండుసార్లు మూసుకుంటున్నాయి, అసలు ఏమన్నారు ఆవిడ, అని అడిగింది. మెర్లిన్ సరిగా వినబడలేదంది. సౌండ్ ఇంజనీరు అసలు రికార్డింగు పెంచాడు.

ఆ గదిలో గాలి చప్పుడు కూడా ఉండదు. బుచ్చమ్మ మాట ఆ రోజు ఎవరికీ వినబడనంత స్పష్టంగా వినబడింది. మేడం చాటు పట్టుకున్నది, పేరు పిలవంగనే ఇడిసి వచ్చింది. ఇంజనీరు బటన్ల వైపు చూశాడు. లాస్య మెర్లిన్ వైపు చూసింది, మళ్లీ చూడలేదు. తెర మీద బుచ్చమ్మ ముఖం ఆగిపోయి ఉంది, కడుపు నొప్పికి పళ్లు బిగబట్టి.

ఇప్పుడు మెర్లిన్ లేచి వెళ్లిపోవచ్చు. తలుపు దగ్గరే ఉంది, దానికి కార్డు కూడా అక్కర్లేదు. ఆవిడ లేచింది కూడా. లేచి తెర దగ్గరికి వెళ్లి, బుచ్చమ్మ పెదాల్ని చూస్తూ నిలబడింది. ఎక్కడ మూసుకుంటున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో లోలోపల పలుక్కుంది. ఇంటర్వ్యూలు రాసుకుని రాసుకుని ఆ మాటతీరు ఆవిడకి బాగా పట్టుబడింది. అంత చదువూ ఆ నిమిషంలో అక్కరకొచ్చింది.

"ఇలా చెప్పండి," అంది. "ఇంక గోసలేదు సారు. మేడం చెయ్యి పట్టుకున్నది, పేదోళ్లు పిలవంగనే ఉరికి వచ్చింది."

లాస్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెప్పింది. మంచి ఆర్టిస్టు, చివర్లో చిన్న జీర కూడా పలికించింది. పెదాలు అచ్చు గుద్దినట్టు కలిశాయి. కమలాకర్ ఓకే అనబోతుంటే మెర్లిన్ చెయ్యెత్తి ఆపింది.

"'పేదలు' అన్నారు మీరు. ఆవిడ 'పేదోళ్లు' అంటుంది," అంది మెర్లిన్. "వాళ్ల మాటని మనం మార్చకూడదండీ."

లాస్య సరేనని తలూపింది. ఇంజనీరు వెనక్కి తిప్పాడు. తెర మీద బుచ్చమ్మ మళ్లీ నోరు తెరిచింది.